పెరట్లో లేడీస్ స్లిపర్ ఆర్కిడ్ పూసింది, కుండీలోకి మార్చవచ్చా?

నాషువా_వాసు:
అందరికీ నమస్కారం. మేముండేది న్యూ హాంప్‌షైర్‌లోని నాషువాలో. మొన్న శీతాకాలంలో ఇల్లు కొన్నాం. పెరడు చివర వైట్ పైన్ చెట్లు, మధ్యలో ఒకటి రెండు ఓక్‌లు. మే నెలాఖర్లో ఆ చెట్ల కింద, రాలిన పైన్ ఆకుల్లోంచి గులాబీ రంగు పూలు లేచాయి. నేలకి ఆనుకుని రెండే రెండు వెడల్పాటి ఆకులు, వాటి మధ్యలోంచి జానెడు కాడ, కొసన సంచిలా ఉబ్బిన ఒకే ఒక్క పువ్వు. పక్కింటి పెద్దాయన చూసి లేడీస్ స్లిపర్ అని చెప్పాడు.

సమస్య ఏంటంటే, వచ్చే నెల అక్కడ పనిముట్ల షెడ్ వేయిద్దామనుకున్నాం. కంకర పోసే చోటు సరిగ్గా ఆ మొక్కల మీదకే వస్తోంది. ఖమ్మం నుంచి వచ్చిన మా అమ్మ “కుండీలోకి తీసి పెట్టు నాన్నా, తులసి పక్కన ఉంచి నేను చూసుకుంటా” అంటోంది. ఎంత లోతు తవ్వాలి? ఏ పాటింగ్ మిక్స్ వాడాలి? తెలిసినవాళ్లు చెప్పగలరు.

బోటనీ_టీచరమ్మ:
వాసు గారూ, దయచేసి తవ్వకండి. నేను విశాఖలో డిగ్రీ పిల్లలకి బోటనీ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మసాచుసెట్స్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మే వచ్చిందంటే ఇక్కడి అడవి బాటల్లో ఈ పువ్వు కోసమే నడుస్తాను.

మీ పెరట్లో ఉన్నది పింక్ లేడీస్ స్లిపర్, శాస్త్రీయ నామం సిప్రిపీడియం అకాలే. 1991 నుంచి మీ రాష్ట్రపు అధికారిక అడవి పువ్వు ఇదే.

దీని కాయలో వేల గింజలుంటాయి, ఒక్కోటీ ధూళి రేణువంత. కంది గింజలోనైతే మొలకకి కావలసిన తిండి పప్పు రూపంలో సిద్ధంగా ఉంటుంది. ఈ గింజలో అలాంటి నిల్వ ఏమీ ఉండదు. మట్టిలో పడ్డాక దీనికి సరిపడే శిలీంధ్రం దొరికితేనే బతుకు. దాని సన్నటి పోగులు గింజలోకి చొరబడి కణాల లోపల చుట్టలు చుట్టుకుంటాయి. లోపలి పిండం ఆ చుట్టల్నే అరిగించుకుని పెరుగుతుంది. మొదటి ఏళ్లలో పచ్చటి ఆకన్నదే ఉండదు, అంతా మట్టి కిందే. పైకి ఆకు రావడానికి కొన్నేళ్లు, పువ్వు పూయడానికి ఇంకొన్నేళ్లు. మీరు ఆ ఇల్లు చూడ్డానికి వెళ్లేనాటికే ఆ మొక్కలు చాలా కాలంగా అక్కడున్నాయి.

1899లో ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్ అనే కుర్ర శాస్త్రవేత్త ఈ సంగతి పట్టుకున్నాడు. నియోటియా అనే అడవి ఆర్కిడ్ కాడ ఒకటి మట్టిలో కూరుకుపోయి, దాని కాయల్లోనే గింజలు మొలకెత్తి ఉన్నాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే మొలకలన్నిటిలోనూ శిలీంధ్రం! అది చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తే.

ఆకులొచ్చాక మొక్క తన తిండి తాను చేసుకోగలదు. అయినా వేళ్లలో శిలీంధ్రం ఉంటూనే ఉంటుంది. ఆ వేళ్లు లోతుకి పోవు, పైన్ ఆకుల కింద ఉన్న పలచటి పొరలో పక్కలకి పాకుతాయి. పార దించితే తెగేవి అవే. పైగా దీనికి బాగా ఆమ్ల గుణమున్న నేల కావాలి. కుండీలో ఆ నేలా ఉండదు, ఆ శిలీంధ్రమూ ఉండదు. మొదటి ఏడాది బతికినట్టే కనిపించవచ్చు, దాచుకున్న బలంతో. ఆ తర్వాత మెల్లగా పోతుంది.

మన వైపు మామిడి కొమ్మల మీద వాండా ఆర్కిడ్‌ని మీ అమ్మగారు చూసే ఉంటారు. దాని గింజకీ శిలీంధ్రం కావలసిందే. కాకపోతే దాని వేళ్లు బెరడుని పట్టుకుని గాల్లో ఉంటాయి కాబట్టి జాగ్రత్తగా తీసి మార్చినా తట్టుకుంటుంది. ఇది తట్టుకోదు. మొక్కని కాదు, షెడ్‌నే పక్కకి జరపండి.

ఎడిసన్_తోట:
టీచర్ గారి మాటే నాదీ. అమ్మగారికి కుండీలో ఆర్కిడ్ కావాలంటే ఫెలనాప్సిస్ కొనివ్వండి, ఇంట్లో కిటికీ దగ్గర హాయిగా ఉంటుంది. నేలలో లేడీస్ స్లిపరే కావాలంటే పసుపు పూల రకాలూ, హైబ్రిడ్‌లూ నర్సరీల్లో దొరుకుతాయి. 1922లో లూయిస్ నడ్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త చక్కెర కలిపిన అగర్ (ల్యాబ్‌లో వాడే జెల్లీ లాంటి పదార్థం) మీద, శిలీంధ్రం లేకుండానే ఆర్కిడ్ గింజలు మొలిపించి చూపించాడు. నర్సరీల్లోని ల్యాబ్ మొక్కలు ఆ దారిలో వచ్చినవే. కొనేముందు “గింజ నుంచి పెంచారా, అడవి నుంచి తవ్వుకొచ్చారా” అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే కొనొద్దు.

నాషువా_వాసు:
ఇద్దరికీ చాలా థాంక్స్. అమ్మకి చదివి వినిపించాను. “అయితే ముట్టుకోవద్దు” అంది. షెడ్ గరాజ్ పక్కకి మారుస్తున్నాం. ఇంకో రెండు సందేహాలు. ఒక్క మొక్కకీ పాత కాయ కనిపించలేదు. అమ్మ సొర పువ్వులకి చేసినట్టు చేత్తో పరాగం అంటిస్తానంటోంది, చేయొచ్చా? లాన్ సర్వీస్ వాళ్లు సున్నం చల్లుతారట, పర్లేదా?

బోటనీ_టీచరమ్మ:
అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

కాయలు లేకపోవడం మామూలే. ఈ పువ్వులో తేనె ఉండదు. రంగూ వాసనా చూసి బంబుల్ బీ ముందున్న చీలికలోంచి సంచిలోకి దూరుతుంది. చీలిక అంచులు లోపలికి ముడుచుకుని ఉంటాయి కాబట్టి వచ్చిన దారిన పోలేదు. వెనక నుంచి పైకి పాకి, సన్నటి సందులోంచి బయటపడాలి. ఆ దారిలో ముందు కీలాగ్రం (పుప్పొడిని అందుకునే భాగం), తర్వాత పుప్పొడి ముద్ద దాని వీపుకి రాసుకుంటాయి. అంటే ఆ పుప్పొడి పనికి రావాలంటే ఆ బీ ఇంకో పువ్వులో కూడా దూరాలి. తేనె దొరకదని తెలిశాక అది మళ్లీ ఎందుకు వస్తుంది? అందుకే చాలా పూలు కాయ కట్టకుండానే వాడిపోతాయి.

చేత్తో చేయొచ్చు కానీ అన్నిటికీ వద్దు. బోస్టన్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ ప్రైమాక్ మసాచుసెట్స్‌లో ఈ మొక్కకే ఏళ్ల తరబడి చేత్తో పరాగ సంపర్కం చేయించి చూశారు. వరసగా కాయలు కాసిన మొక్కలు తర్వాత చిన్నబోయాయి, పూయడమూ తగ్గింది. బలంగా ఉన్న ఒక మొక్కకి చేయండి, మరుసటి ఏడాది దాన్ని వదిలేయండి. పుప్పొడి జిగటగా ఉంటుంది, బ్రష్ కంటే టూత్‌పిక్ నయం. కాయ కడితే కోయకండి, ఎండి పగిలి గింజలు వాటంతటవే గాలికి పోతాయి.

సున్నం మాత్రం అస్సలు వద్దు. నేలలో ఆమ్ల గుణాన్ని తగ్గించడానికే దాన్ని చల్లుతారు, ఈ మొక్కకి కావలసిందేమో ఆ ఆమ్ల గుణమే. ఎరువూ, శిలీంధ్ర నాశక మందులూ అటువైపు పోనివ్వకండి. రాలిన పైన్ ఆకులు ఊడ్చకండి. జింకలు వస్తుంటే చుట్టూ వైరు మెష్ కట్టండి. లాన్ వాళ్లకి నోటితో చెబితే మరిచిపోతారు, చెట్ల ముందు కర్రలు పాతి తాడు కట్టేయండి.