మణికట్టు నొప్పి: మా అమ్మాయి సింగిల్స్ మానేయాలా?

మా అమ్మాయికి 15 ఏళ్లు, జూనియర్ టెన్నిస్ టోర్నమెంట్లు ఆడుతుంది. కొన్నాళ్లుగా కుడి మణికట్టు నొప్పి. నీళ్ల సీసా మూత కూడా ఎడమ చేత్తోనే తిప్పుతోంది, అడిగితే ‘ఏం లేదు నాన్నా’ అంటుంది. కోచ్‌గారేమో డబుల్స్‌కి మారమంటున్నారు.

సానియా మీర్జా 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లారు. మరుసటి ఏడాదే మణికట్టుకి సర్జరీ. 2013లో సింగిల్స్ వదిలేసి, 2015లో డబుల్స్‌లో నంబర్ వన్ అయ్యారు. కానీ అప్పటికే ఆవిడ పెద్ద ప్లేయర్. ఇంత చిన్న వయసులో సింగిల్స్ మానేస్తే ఆట ఎదుగుతుందా?

ఈ నొప్పి పడ్డవాళ్లు, పిల్లల్లో చూసినవాళ్లు దయచేసి చెప్పండి. ఎన్నాళ్లు రాకెట్ పట్టనివ్వలేదు? ఎమ్మారై తీయించారా? మామూలు ఎముకల డాక్టర్ సరిపోతారా, స్పోర్ట్స్ డాక్టర్‌కే చూపించాలా? వచ్చే టోర్నమెంట్‌కి పేరు ఇవ్వాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను.