మునిసిపాలిటీ కమ్యూనిటీ హాలులో విందు, మద్యం: అనుమతి ఎవరిది, బాధ్యత ఎవరిది?

ప్రశ్న: కాలనీ కార్యదర్శి

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదు శివారులో ఒక కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శిని. మా కాలనీ మధ్యలో మునిసిపాలిటీ వారు కట్టించిన కమ్యూనిటీ హాలు ఉంది. దానిని ఆనుకొని పిల్లల పార్కు ఉంది. స్థలమూ భవనమూ మునిసిపాలిటీవే అయినా బుకింగులు, ఊడ్పు, కరెంటు బిల్లు వంటి రోజువారీ వ్యవహారాలు మా కమిటీయే చూసుకుంటుంది. ‘ఈ ఆవరణలో మద్యపానం నిషేధం’ అని హాలు గోడ మీద ఎర్రరంగుతో రాయించి చాలా ఏళ్లయింది.

ఆ రాతకు ఎంత విలువ ఉందో గత నెలలో ఒక రిసెప్షన్ జరిగిన మర్నాడు తెలిసివచ్చింది. ఉదయం ఆరున్నరకు నేను వెళ్లేసరికి హాలు ఊడ్చే ఆమె జారుడుబల్ల కింద ఇసుకలో చతికిలబడి, పగిలిన సీసా పెంకులను ఒక్కొక్కటిగా ఏరి పాత రంగుడబ్బాలో వేస్తోంది. చీపురుతో ఊడిస్తే పెంకులు ఇసుకలోకి ఇంకా లోతుగా దిగుతాయట, అందుకని చేత్తోనే ఏరుతున్నానని చెప్పింది. ఆమె వేలికి గుడ్డ చుట్టి ఉంది. విందు ఇచ్చినవారిని అడిగితే, హాలు లోపల ఎవరూ తాగలేదనీ, బయట జనరేటరు వెనుక ఎవరు కూర్చున్నారో తమకు తెలియదనీ అన్నారు. నిజానికి లోపల ఎవరూ తాగలేదన్న మాట అబద్ధం కాదు.

ఇప్పుడు కమిటీ రెండుగా చీలింది. ఎలాగూ తాగుతున్నారు కనుక ఎక్సైజ్ పర్మిట్ తెచ్చుకున్నవారికి అదనపు అద్దె తీసుకొని లోపలే అనుమతిద్దామని కొందరు అంటుంటే, పిల్లల పార్కు పక్కన అటువంటి మాటే ఎత్తకూడదని మరికొందరు పట్టుబడుతున్నారు. అసలు అనుమతి ఇచ్చే అధికారం మా కమిటీకి ఉందా? ఎక్సైజ్ పర్మిట్ ఒక్కటి ఉంటే సరిపోతుందా? ఇస్తే ఏ షరతుల మీద ఇవ్వాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు 1: న్యాయవాది, వరంగల్లు

కార్యదర్శి గారూ, మీ ప్రశ్నలో రెండు వేర్వేరు అనుమతులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వాటిని విడదీస్తే సగం చిక్కు అక్కడే వీడిపోతుంది.

మద్యం తయారీ, రవాణా, కొనుగోలు, అమ్మకం రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 8వ అంశం. కనుక ఫలానా తేదీన ఫలానా చోట జరిగే విందులో మద్యం వడ్డించవచ్చునని చెప్పగలిగేది రాష్ట్ర ఎక్సైజ్ శాఖ ఒక్కటే. 1968 నాటి ఎక్సైజ్ చట్టాన్ని అనుసరించి ఆ శాఖ ఇచ్చే ఒక్కరోజు ఈవెంట్ పర్మిట్ అందుకోసమే. మీ కమిటీ తీర్మానం చేసినా, సాక్షాత్తు మునిసిపల్ కమిషనరే సంతకం చేసినా ఆ పర్మిట్‌కు బదులు కాదు. అలాగే ఆ పర్మిట్ చేతిలో ఉన్నంత మాత్రాన హాలు తలుపు తీయవలసిన అవసరం యజమానికి లేదు. పర్మిట్ అనేది వడ్డిస్తే నేరం కాదని చెప్పే కాగితమే తప్ప, ఇక్కడే వడ్డించుకునే హక్కు ఇచ్చే కాగితం కాదు. మాంసం వండకూడదని షరతు పెట్టి ఇల్లు అద్దెకిచ్చే యజమానిలాగే మునిసిపాలిటీ కూడా తన ఆస్తి విషయంలో చట్టం కంటే కఠినమైన షరతు పెట్టుకోవచ్చు.

ఇక మూడో సంగతి మీకు రుచించకపోవచ్చు. మీ కమిటీ తాళంచెవి పట్టుకున్నదే తప్ప యజమాని కాదు. గోడ మీది నిషేధాన్ని సడలించాలంటే మునిసిపాలిటీ నుంచి రాతపూర్వకమైన ఉత్తర్వు రావాలి. అది లేకుండా మీరు అదనపు అద్దె వసూలు చేస్తే, రేపు ఏదైనా జరిగిన నాడు పోలీసులు ముందుగా అడిగేది ఆ రసీదు మీద ఎవరి సంతకం ఉందనే.

మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో స్పష్టం చేసింది. కనుక అనుమతి నిరాకరిస్తే కోర్టుకు వెళతామని ఎవరైనా బెదిరించినా మీరు కంగారుపడనక్కరలేదు. ప్రభుత్వమే ముందుకొచ్చి అనుమతి ఇచ్చిన చోట ఏమైందో చూడాలంటే పక్కనున్న తమిళనాడును చూడండి. 2023లో అక్కడి ప్రభుత్వం సదస్సులు, క్రీడా కార్యక్రమాలు, వేడుకలలో మద్యం వడ్డించడానికి ప్రత్యేక లైసెన్సు ఇస్తూ నియమాలను సవరించింది. అందులో కల్యాణ మండపాలు కూడా ఉన్నాయని తెలియగానే గగ్గోలు పుట్టింది. ప్రభుత్వం వెంటనే మండపాలను తొలగించింది. అయినా ఏప్రిల్ చివరి వారంలో మద్రాసు హైకోర్టు మధ్యంతర స్టే ఇచ్చింది. ఆ పిటిషన్ వేసిన న్యాయవాది కె. బాలు పేరు మీకు గుర్తుండవచ్చు. జాతీయ రహదారుల పక్కన మద్యం దుకాణాలు ఉండరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఆయన పేరుతోనే ప్రసిద్ధం.

పర్మిట్ ఉన్న విందులోనూ ఒక ప్రమాదం పొంచి ఉంటుందని మరవకండి. గోవా నుంచో ఢిల్లీ నుంచో చవకగా వస్తుందని తెచ్చిన సీసాలు, అంటే మన రాష్ట్రానికి పన్ను కట్టని మద్యం, ఆ బల్ల మీద కనిపిస్తే పర్మిట్ కాపాడదు. ఫంక్షన్లలో ఎక్సైజ్ వారి సోదాలు ఎక్కువగా జరిగేది ఈ సీసాల కోసమే.

జవాబు 2: డాలస్ నుంచి ఒక తెలుగువాడు

న్యాయవాది గారు విడదీసి చెప్పిన రెండు అనుమతులు టెక్సాస్‌లో మాకు మొదటి రోజు నుంచే విడివిడిగా కనిపిస్తాయి. మద్యం చట్టం రాష్ట్రానిది, హాలు సిటీది. మా తెలుగు సంఘం ఉగాది సంబరాలకు సిటీ వారి రిక్రియేషన్ సెంటరును చాలాసార్లు అద్దెకు తీసుకుంది. దరఖాస్తులో మద్యం ఉంటుందా లేదా అని ఒక గడి ఉంటుంది. ‘లేదు’ అని రాస్తే ఒక పేజీతో పని అయిపోతుంది. ‘ఉంది’ అని రాస్తే మాత్రం అసలు కథ మొదలవుతుంది.

ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి కనుక మా ఊరి సంగతి మాత్రమే చెబుతాను. మద్యం వడ్డించినంత సేపూ యూనిఫారంలో ఒక పోలీసు అధికారి గుమ్మం దగ్గర ఉండాలి. ఆయనకు గంటల లెక్కన ఇవ్వవలసిన సొమ్ము మేమే భరించాలి. పది లక్షల డాలర్ల బీమా తీసుకొని ఆ పత్రంలో సిటీ పేరును కూడా చేర్చాలి. కార్యక్రమం ముగియడానికి గంట ముందే వడ్డన ఆపాలి. ఇరవై ఒకటి దాటినవారి మణికట్టుకు కాగితపు పట్టీ కట్టాలి. (ఈ ఇరవై ఒకటి అన్నది 1984 నాటి కేంద్ర చట్టం పుణ్యమా అని దేశమంతటా ఒకటే. తెలంగాణలోనూ అదే వయస్సు కావడం కాకతాళీయం.)

ఒక ఏడాది మా వాళ్లు ఖర్చు కలిసివస్తుందని బీరు బల్ల పక్కన ‘మీకు తోచినంత’ అని రాసి ఒక అట్టపెట్టె పెట్టారు. సెంటరు ఉద్యోగిని వచ్చి ఆ పెట్టెను చూపించి, దీనిని తీసివేస్తారా, వడ్డన ఆపమంటారా అని అడిగింది. ఉచితంగా పోస్తే అది ఆతిథ్యం. దానికి ప్రతిగా చందా అడిగినా అది అమ్మకం కిందికే వస్తుంది, అమ్మకానికి రాష్ట్ర మద్యం కమిషన్ నుంచి వేరే పర్మిట్ కావాలి. మేము పెట్టె తీసేశాం. ఆ ఏడాది సంఘానికి నష్టమే వచ్చింది, కాని ఆ తేడా మాత్రం అందరికీ వంటబట్టింది.

ఇన్నేళ్లలో నాకు తెలిసింది ఏమిటంటే, తాగడం మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి సిటీ దిగదు. ఏదైనా జరిగితే ఎవరి పేరు, ఎవరి డబ్బు అన్నది ముందే కాగితం మీద పెట్టించుకుంటుంది. ఆ ఖర్చు చూసి సగం మంది తమంతట తామే ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెడతారు.

జవాబు 3: విశ్రాంత ఉపాధ్యాయిని, నెల్లూరు

డాలస్ సోదరుడు చెప్పిన పద్ధతి అక్కడ నడవవచ్చు, కాదనను. ఇక్కడ ఆ బీమా పత్రం పేరుకే ఉంటుందనీ, చివరకు మిగిలేది అదనపు అద్దె ఒక్కటేననీ నా అనుమానం. నా భయమంతా ఆ అదనపు అద్దె గురించే.

నేను నెల్లూరు జిల్లాలో పనిచేసినదానిని. 1992 ప్రాంతంలో దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించడం, ఆ తర్వాత జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వకపోవడం అందరికీ తెలిసిన చరిత్రే. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించినప్పుడు వినిపించిన ప్రధాన కారణం ఖజానా. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధానికి కృషి చేయమని రాజ్యానికి చెబుతుంది. అదే రాజ్యం మద్యం రాబడి లేకుండా బడ్జెట్ వేయలేని స్థితికి వచ్చింది. మీ హాలు విషయంలోనూ చిన్న ఎత్తున ఇదే జరుగుతుంది. మద్యం ఉన్న విందుకు ఎక్కువ అద్దె వస్తుందని ఒక ఏడాది లెక్కల్లో తేలితే, మద్యం లేని సీమంతానికీ అన్నప్రాశనకూ మంచి తేదీలు దొరకడం కష్టమవుతుంది. అందరి పన్నులతో కట్టిన హాలు అది. బయట ఫంక్షన్ హాలు అద్దె భరించలేనివారికే దాని అవసరం ఎక్కువ.

నిషేధం ఉంచండి, కాని రంగుతో రాసి వదిలేయకండి. డిపాజిట్ పెంచి, మర్నాడు ఉదయం హాలుతో పాటు జనరేటరు వెనుక భాగమూ పార్కూ విందువారి సమక్షంలోనే చూసి, సీసా కనిపిస్తే ఆ డిపాజిట్ తిరిగి ఇవ్వకండి. లోపల తాగలేదన్న సమాధానానికి అప్పుడు చోటుండదు. ఆ పెంకులు ఏరిన ఆమెకు ఆ పూట ఎంత ఇచ్చారో కూడా కార్యదర్శి గారు రాయలేదు.

జవాబు 4: కరీంనగర్ వాస్తవ్యుడు

అమ్మా, మీ మాటను గౌరవిస్తూనే మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. తెలంగాణలో చాలా ఇళ్లలో దావత్ అంటే మద్యం ఉంటుంది. కల్లు అయితే పూజలో భాగం, బోనాల నాడు అమ్మవారి ముందు సాకగా (ధారగా) దానిని కూడా పోస్తారు. పూర్తి నిషేధం అని రాసిన మరుక్షణం అది పార్కింగులోకి, కార్లలోకి, కూల్‌డ్రింకు సీసాలలోకి వెళ్లిపోతుంది. కారులో కూర్చొని తాగినవాడు ఆ కారునే నడుపుకుంటూ ఇంటికి పోతాడు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరమని, మొదటిసారే పదివేల రూపాయల జరిమానా గాని ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చునని అందరికీ తెలుసు. తెలిసినా ఆగరు. లోపల ఒక గది ఇచ్చి, తొమ్మిదిన్నరకు మూసేస్తే కనీసం ఎవరు ఎంత తాగారో ఇంటి పెద్దలు చూస్తూ ఉంటారు. ఎలాగూ రాత్రి పది తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పాట ఆగితే విందూ పలచబడుతుంది.

అయితే పిల్లల పార్కు గోడ పక్కనే హాలు ఉన్నప్పుడు ఈ మాట నేను కూడా గట్టిగా అనలేను. మీ ఊళ్లో పార్కుకు దూరంగా మునిసిపాలిటీ హాలు మరొకటి ఉంటే, అనుమతి సంగతి అక్కడ ఆలోచించమనండి.

తిరిగి కార్యదర్శి

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులను అచ్చు తీయించి ఆదివారం కమిటీ సమావేశంలో చదివి వినిపించాను. అదనపు అద్దె ప్రతిపాదనను పెట్టినవారే వెనక్కి తీసుకున్నారు. రసీదు మీద సంతకం ఎవరిది అన్న మాట దగ్గర కోశాధికారి గారు చాలాసేపు మౌనంగా ఉండిపోయారు.

హాలులో నిషేధం అలాగే ఉంటుంది. మా వార్డులో మార్కెట్ పక్కన మునిసిపాలిటీకి మరో హాలు ఉంది. అక్కడ షరతులతో అనుమతించే విషయం పరిశీలించమని కమిషనరుకు వినతిపత్రం రాస్తున్నాం. పర్మిట్ నకలు మూడు రోజుల ముందే ఇవ్వడం, వడ్డన ఆపే వేళ, బాధ్యత వహించే ఒక్క మనిషి పేరు, ఫోను నంబరు ఉండాలని అందులో సూచించాం. మూడు రోజుల గడువు మేము కల్పించుకున్నది కాదు. వంద మందికి మించిన కార్యక్రమం లైసెన్సు లేని చోట జరిపితే మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలని 2016 ఘనవ్యర్థాల నియమాలలోనే రాశారని మా కమిటీలోని ఒక విశ్రాంత శానిటరీ ఇన్‌స్పెక్టరు చెప్పారు.

ఉపాధ్యాయిని గారు అడిగిన ప్రశ్నకు జవాబు: ఆమెకు ఆ పూట విడిగా ఏమీ ఇవ్వలేదు. ఇకపై విందు మర్నాడు చేసే శుభ్రతకు డిపాజిట్ నుంచి ఆమెకు నేరుగా కూలి ఇవ్వాలని తీర్మానించాం. ఉదయం తనిఖీలో ఆమె ‘సరే’ అన్న తర్వాతే మిగిలిన డిపాజిట్ తిరిగి ఇస్తాం. జారుడుబల్ల కింది ఇసుకను మొత్తం తీయించి జల్లెడ పట్టిస్తున్నాం. నిన్న సాయంత్రానికి రెండు తట్టల ఇసుకలో పదకొండు పెంకులు దొరికాయి. ఇంకా సగం మిగిలి ఉంది.