షాపులో వేరే కంపెనీ ట్యాక్రోలిమస్ ఇచ్చారు, లెవెల్ పడిపోయింది. గురువారం దాకా ఆగొచ్చా?

ఖమ్మం_అక్క:
నమస్తే అండి. మా తమ్ముడికి (31 ఏళ్లు) 14 నెలల కిందట హైదరాబాద్‌లో కిడ్నీ మార్పిడి జరిగింది. కిడ్నీ అమ్మే ఇచ్చింది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా పొద్దున 8కి, రాత్రి 8కి ట్యాక్రోలిమస్, మైకోఫినోలేట్, పొద్దున టిఫిన్ అయ్యాక ప్రెడ్నిసొలోన్ ఒకటి వేసుకుంటాడు. ఇన్నాళ్లూ క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, పెరిగితే మంచిది కాదు) 1.2 దగ్గరే ఉంది. పోయిన నెల హైదరాబాద్ నుంచి తెచ్చుకున్నవి అయిపోతే మా ఊళ్లోనే షాపులో అడిగాం, ఆయన "అదే మందమ్మా, కంపెనీ వేరు, అంతే" అని స్ట్రిప్పు కత్తెరతో కత్తిరించి ఇచ్చాడు. ఇప్పుడు చూస్తే ముక్క మీద పేరు సగమే ఉంది. మొన్న టెస్ట్ చేయిస్తే రక్తంలో ట్యాక్రోలిమస్ లెవెల్ 3.9, అంతకుముందు 7.1 ఉండేది. క్రియాటినిన్ 1.5. జ్వరం లేదు, నొప్పి లేదు, మూత్రం బాగానే వస్తోంది, వాడేమో "నేను బాగానే ఉన్నా, నీకే టెన్షన్" అంటున్నాడు. అపాయింట్‌మెంట్ వచ్చే గురువారం. అప్పటిదాకా ఆగొచ్చా?

ఇంకోటి, అమ్మ అడుగుతోంది: "నా కడుపున పుట్టినవాడే, నా కిడ్నీయే, ఏడాది దాటినా వాడి ఒంట్లో కలిసిపోలేదా? ఈ మందులు ఇంకెన్నాళ్లు?" ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

రెండో_ఇన్నింగ్స్:
ఆగకండి అక్కా. ఇప్పుడే ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి ఈ రెండు అంకెలూ చెప్పండి, రిపోర్టు వాట్సాప్‌లో పెట్టండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

నాకు మార్పిడి అయి 9 ఏళ్లు. "బాగానే ఉన్నా" అనే మాట నేనూ అన్నాను. రిజెక్షన్ (ఒళ్లు కిడ్నీని తిప్పికొట్టడం) చాలాసార్లు ముందు రిపోర్టులోనే కనిపిస్తుంది, కాళ్లు వాచి, మూత్రం తగ్గి ఒంటికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. రెండో ఏడు నాకు అలాగే వచ్చింది, బయాప్సీ చేసి మూడు రోజులు మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించారు, తగ్గింది గానీ 1.1 ఉన్న క్రియాటినిన్ 1.6 దగ్గర ఆగిపోయి మళ్లీ కిందికి దిగలేదు. కారణం వేరే ఎవరో కాదు, పెళ్లిళ్లకని ఊళ్లు తిరుగుతూ రాత్రి డోసులు ఎగ్గొట్టింది నేనే.

అన్నట్టు రక్తం ఎప్పుడు ఇచ్చాడు? రాత్రి 8కి వేసుకుంటే పొద్దున 8కి, మాత్ర వేసుకోకముందు ఇవ్వాలి. నేనొకసారి అలవాటుకొద్దీ మాత్ర మింగేసి ల్యాబుకి వెళ్తే లెవెల్ 18 చూపించింది, డోసు తగ్గించబోయి డాక్టర్ గారికి అనుమానం వచ్చి అడిగారు కాబట్టి సరిపోయింది.

మందుల_కొట్టు_బాబాయి:
22 ఏళ్లుగా షాపు నడుపుతున్నా. ఆ షాపాయన్ని తిట్టను గానీ, పారాసిటమాల్‌కి చెల్లే "అదే మందు" దీనికి చెల్లదు. ట్యాక్రోలిమస్ తక్కువైతే ఒళ్లు కిడ్నీని తిప్పికొడుతుంది, ఎక్కువైతే ఆ మందే కిడ్నీని పాడుచేస్తుంది, మధ్యలో సందు చాలా సన్నం. కంపెనీ మార్చనే కూడదని కాదు, డాక్టర్‌కి తెలిసి మార్చాలి, మార్చాక లెవెల్ చూసుకోవాలి.

ముందు ఆ కత్తిరించిన ముక్క మీద ఎన్ని మిల్లీగ్రాములో చూడమ్మా. ఒకటి రాస్తే అర ఇచ్చిన సంగతులు నాకు తెలుసు.

ఈ మధ్య వేరే మందులేమైనా వాడాడా? టీబీకిచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కిచ్చే ఫెనిటాయిన్ లెవెల్ పడగొడతాయి. తామరకని తెచ్చుకునే ఫ్లుకొనజోల్, దగ్గుకి రాసే క్లారిత్రోమైసిన్ పెంచేస్తాయి, పంపర పనస కూడా అంతే. విరేచనాలైతే మందు బయటికి పోయి లెవెల్ తగ్గుతుందనుకుంటాం, ట్యాక్రోలిమస్‌కి మాత్రం పెరుగుతుంది! నడుం నొప్పికని డైక్లోఫెనాక్ మాత్రం ఇంట్లోకే రానివ్వకండి.

పచ్చని_వైద్యం:
మా బావగారికి తిప్పతీగ కషాయం ఇచ్చాం, ఇమ్యూనిటీ బాగా పెరిగింది. మందులు తగ్గించుకోవచ్చు, ఒకసారి చూడండి.

రెండో_ఇన్నింగ్స్:
దండం పెడతా అన్నా, ఇక్కడ ఆ మాట వద్దు. మేము నెలనెలా వేలు పోసి తగ్గించుకునేదే ఆ ఇమ్యూనిటీ. తిప్పతీగ వాడినవాళ్లకి లివర్ దెబ్బతిన్న కేసులు 2021లో ముంబయి డాక్టర్లు రాశారు, దాని మీద ఎంత వాదన జరిగినా మార్పిడి అయినవాడి మీద ప్రయోగం చేయడం మాత్రం తగదు.

గుంటూరు_సిస్టర్:
ట్రాన్స్‌ప్లాంట్ వార్డులో పనిచేశాను. అమ్మగారికి ఇలా చెప్పండి: బిడ్డకి సగం తల్లి నుంచి వస్తే సగం తండ్రి నుంచి వస్తుంది. ఆ కిడ్నీలో వాడికి లేని సగం కూడా ఉంది, వాడి ఒంటికి అది పరాయిదే, పదేళ్లయినా గుర్తుపడుతుంది. 1954లో బోస్టన్‌లో మొదటిసారి కిడ్నీ మార్పిడి నిలబడిందంటే ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ అచ్చు ఒకేలా ఉండే కవలలు కాబట్టే, వాళ్లకి ఈ మందుల అవసరమే పడలేదు. మిగతావాళ్లందరికీ మందు కావాల్సి వచ్చింది. అమెరికాలో 1983లో అనుమతి వచ్చిన సైక్లోస్పోరిన్ నార్వే మట్టిలో దొరికిన బూజు నుంచి తీసింది. మీ తమ్ముడు వేసుకునే ట్యాక్రోలిమస్‌ని 1984లో జపాన్‌లోని త్సుకుబా మట్టిలో ఉన్న బాక్టీరియాలో కనుక్కున్నారు. మట్టిని తక్కువ చేయకూడదని మా వార్డులో నవ్వుకునేవాళ్లం.

కాబట్టి "ఎన్నాళ్లు" అంటే, ఆ కిడ్నీ పనిచేసినన్నాళ్లు. మోతాదు మాత్రం మొదటి నెలల కన్నా తగ్గుతుంది. చేతులు వణుకుతున్నాయా, షుగర్ చూపించారా? ఈ మందులతో అవి రావచ్చు. గ్యాస్‌కి సిరప్ తాగే అలవాటుంటే మైకోఫినోలేట్‌తో కలిపి తాగనివ్వకండి, అది ఒంటికి సరిగా పట్టదు. ఖర్చు కష్టమైతే, ఆరోగ్యశ్రీకి కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలవండి.

ఖమ్మం_అక్క:
అందరికీ థాంక్స్ అండి, పది రోజులు ఆలస్యంగా రాస్తున్నా. బాబాయి గారూ, మీరన్నట్టే ఆ ముక్క మీద 0.5 అని ఉంది, వాడికి రాసింది 1. స్ట్రిప్పు ముక్క చూసి నాకు కాళ్లు వణికాయి. కోఆర్డినేటర్ మర్నాడే రమ్మన్నారు, పాత కంపెనీదే పాత మోతాదులో ఇచ్చి, ఐదు రోజులాగి మళ్లీ చూస్తే లెవెల్ 6.8, క్రియాటినిన్ 1.3. బయాప్సీ ఇప్పటికి వద్దన్నారు, వారం వారం రక్తం ఇవ్వమన్నారు. చేతులు వణకడం నిజమే సిస్టర్, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు, ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు.

అమ్మకి మీరు చెప్పినట్టే చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అయితే వాళ్ల నాన్న వాటా ఒప్పుకోవట్లేదన్నమాట" అని లోపలికెళ్లి, మాత్రల డబ్బా తన దిండు పక్కన పెట్టుకుంది. ఇప్పుడు ఎనిమిదింటికి అలారం కన్నా ముందు ఆవిడ గొంతే వినిపిస్తోంది.