కొన్న కొద్ది రోజులకే వేడెక్కిపోతున్న పాత కారు: ఏం చేయాలి?

మాది తిరుపతి. గత నెలలో చిత్తూరులోని ఒక వ్యక్తి నుంచి, మధ్యవర్తులెవరూ లేకుండా, 2014 నాటి డీజిల్ కారును రూ.2,40,000కు కొన్నాను. ఆ రోజు ఊళ్లోనే ఐదారు కిలోమీటర్లు నడిపి చూస్తే ఏ లోపమూ కనిపించలేదు. అయితే మేము వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉన్నదన్న సంగతిని నేను పట్టించుకోకపోవడం పొరపాటేనని ఇప్పుడు అనిపిస్తోంది.

తరువాతి వారం కుటుంబంతో అలిపిరి నుంచి తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా, సగం దూరమైనా దాటకముందే ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీతను తాకింది. చల్లారాక చూస్తే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) బాగా తగ్గి ఉంది, కింద కారిన జాడ మాత్రం లేదు. అప్పటినుంచి పొగగొట్టం నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తోంది, ఆయిల్ మూత లోపల మీగడలాంటి పదార్థం పేరుకుంటోంది, అంటే ఆయిల్‌లో నీరు కలుస్తున్నట్లుంది. ఒక మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కు, కింది బ్లాకుకు మధ్య ఉండే సీలు) పోయిందని, హెడ్ విప్పి అది వంగిందేమో చూడాలని, రూ.35,000 దాకా కావచ్చని చెప్పారు. మరొకరు ముందు థర్మోస్టాట్ (కూలెంట్ ప్రవాహాన్ని నియంత్రించే వాల్వు) మార్చి చూడమంటున్నారు; థర్మోస్టాట్ చెడినంత మాత్రాన ఆయిల్‌లో నీరు ఎలా కలుస్తుందో నాకు బోధపడలేదు.

హెడ్ విప్పకముందే సిలిండర్లలో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్షతో గాని, కూలెంట్‌లో దహన వాయువులను పట్టే పరీక్షతో గాని దీన్ని నిర్ధారించుకోవచ్చునా? అమ్మినవారు "చూసుకునే కొన్నారు కదా" అంటున్నారు. యాజమాన్య బదిలీకి కావలసిన ఫారం 29, 30 మీద సంతకాలయ్యాయి, ఆర్‌సీ ఇంకా నా పేరుకు మారలేదు. లోపం తెలిసి దాచారని నిరూపించడానికి మెకానిక్ రాతపూర్వక నివేదిక సరిపోతుందా? ఇలాంటి అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.