మేడారం మొక్కు జాతర రోజుల్లోనే తీర్చాలా? చిన్న పాప, టెట్ చదువు, ఇంటినిండా చుట్టాలు

హన్మకొండ_కోడలు:

అందరికీ నమస్తే. 2026 జనవరి 28 నుంచి 31 వరకు మేడారం జాతర కదా, మా ఇంట్లో పండుగ కన్నా ముందే పంచాయితీ మొదలైంది. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

2024 ఫిబ్రవరిలో జాతర నడుస్తున్నప్పుడు నేను ఏడో నెల కడుపుతో ఆసుపత్రిలో ఉన్నా. బీపీ ఎక్కువై డాక్టర్లు భయపెట్టారు. అత్తమ్మ ఆ రాత్రే పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి ముడుపు కట్టింది. తల్లీబిడ్డ క్షేమంగా ఇల్లు చేరితే వచ్చే జాతరకు ఇద్దరి ఎత్తు బంగారం, పాప పుట్టువెంట్రుకలు ఇస్తానని మొక్కింది. (ఇటు దిక్కు కానివాళ్ళు కంగారు పడకండి, బంగారం అంటే బెల్లమే.) పాప 10 కిలోలు, నేను 61. బెల్లం ఖర్చు గురించి బాధ లేదు. కిరాణా కొట్టు కాంటా మీద అందరి ముందు నన్ను కూర్చోబెడతారేమోనని మాత్రం ఉంది.

పాపకు ఈ జనవరికి 21 నెలలు. బేసి నెల, కలిసొచ్చిందని అత్తమ్మ సంబరం. ఈ జాతర తప్పితే మళ్ళీ 2028లోనే అంటుంది.

నాకు నమ్మకం లేక అడగడం లేదు. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని, చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తీసుకొస్తుంటే పోలీసులు గాల్లోకి కాల్పులు జరపడం చూశా. విగ్రహం లేదు, గోపురం లేదు, ఒక కుంకుమ భరిణె కోసం అంతమంది నిలబడ్డారు. ఆ ముడుపు కట్టిన రాత్రి నేనూ మనసులో ఆ తల్లికే దండం పెట్టుకున్నా.

నా టెన్షన్ వేరే. బీఎడ్ అవగానే టీచర్ అర్హత పరీక్ష టెట్ పేపర్-2 రాస్తే 84 వచ్చాయి. మా బీసీలకు 75 వస్తే చాలు, సర్టిఫికెట్ ఎప్పటికీ చెల్లుతుంది. కానీ టీచర్ ఉద్యోగాలకు పెట్టే డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది కదా, 84 పట్టుకుని పోతే లాభం లేదు. కనీసం 110 దాటాలని మళ్ళీ మొదలుపెట్టా. పాప లేవకముందు తెల్లారుజామున కొంతసేపు, మధ్యాహ్నం అది పడుకుంటే ఇంకొంతసేపు, అంతే నా చదువు. రాత్రి దాన్ని జోకొడుతూ కాకతీయుల పాలన చదువుతుంటా. కప్పం కట్టనన్నందుకు కాకతీయుల సైన్యంతో పోరాడిన తల్లికి మొక్కు, మార్కులేమో కాకతీయుల మీద! మా ఆయనకు చెబితే నవ్వి ఊరుకున్నాడు.

ఇప్పుడు ఆ కాస్త టైమూ పోయేలా ఉంది. మేడారం కన్నా ముందు వేములవాడ పోయి రాజన్నకు కోడె కట్టాలి. జనగామ, సిద్దిపేట నుంచి మేడారం పోయే చుట్టాలందరికీ మా ఇల్లే మజిలీ. పోయేటప్పుడు ఒక పూట, వచ్చేటప్పుడు ఒక పూట. వాళ్ళు రావడం నాకు ఇష్టమే, కానీ అన్నం గిన్నె దించి టీ గిన్నె ఎక్కించడమే సరిపోతుంది.

జాతరకు ముందే ఏదో ఒక బుధవారం పోయి మొక్కు తీర్చుకుంటే చెల్లదా? ఈ వయసు పిల్లలతో జాతరకు వెళ్ళినవాళ్ళు ఎట్లా తట్టుకున్నారు? పెద్దవాళ్ళకు ఎట్లా చెప్పారు?

తాడ్వాయి_అక్క:

చెల్లె, మాది ఆ దారే. బుధ, ఆదివారాల్లో గద్దెల (అమ్మలు కొలువుండే అరుగుల) దగ్గరికి ఏడాది పొడవునా జనం వస్తూనే ఉంటారు. జాతర నెల రోజులు ఉందనగానే ముందు మొక్కులవాళ్ళు వేలల్లో వస్తారు. చెల్లదని మా ఊళ్ళో ఎవరూ అనరు. ఆదివారం వద్దు, బుధవారం రండి. తెల్లారేసరికి హన్మకొండలో బయల్దేరితే దాదాపు వంద కిలోమీటర్లే, పొద్దుపోకముందే ఇంటికి చేరుతారు. ములుగు దగ్గర గట్టమ్మకు మొక్కకుండా మాత్రం ముందుకు రావద్దు.

పాపను జంపన్న వాగులో ముంచకండి, జనవరి నీళ్ళు గడ్డకట్టినట్టు ఉంటాయి. నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే చాలు. వెంట్రుకలు తీసేచోట కొత్త బ్లేడు మీరే పట్టుకుపోయి, మీ కళ్ళ ముందే మార్పించండి. ఫ్లాస్కులో వేడినీళ్ళు, చెవులు మూసే టోపీ పెట్టుకోండి. అడవి దారిలో దుమ్ము బాగా లేస్తుంది, పాప మొహానికి పల్చటి గుడ్డ అడ్డం పెట్టు.

కాజీపేట_నాన్న:

మేము 2024లో రెండేళ్ళ బాబుతో పోయాం, గురువారమే. సమ్మక్క వచ్చే టైంకు జనం ఎంత ఉన్నారంటే ముందుకూ పోలేం, వెనక్కూ రాలేం. బాబు నా మెడ మీదే నిద్రపోయాడు. బాబు చేతి మీద పెన్నుతో ఫోన్ నంబర్ రాశాం, చొక్కా జేబులో కాగితం మీద రాసి ఇంకోటి పెట్టాం. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చదువుతుంటే నా భార్య వాణ్ణి ఒక్క నిమిషం కింద దింపనియ్యలేదు. రాత్రి గుడారంలో చలి. మాకు తృప్తిగానే ఉంది, కానీ మళ్ళీ చిన్నపిల్లతో గురువారం పోతావా అంటే పోను.

పరకాల_పెద్దమ్మ:

అందరూ తేలిగ్గా చెప్తున్నారు. జాతరకు అని నోటితో అన్నాక జాతరకే ఇయ్యాలి బిడ్డా. అత్తమ్మ మనసులో ఆ ముల్లు ఉంటే రేపు పాపకు జలుబు చేసినా దానికే ముడిపెడుతుంది. అయితే మొక్కింది నువ్వు కాదు, ఆమె. పుట్టువెంట్రుకలు బుధవారం పోయి తీయించండి. బంగారం, చీర, ఒడిబియ్యం ఆమెనే జాతరలో అమ్మకు అప్పజెప్పమను. ఇద్దరి మాటా నిలబడుతుంది. మా చిన్న కోడలు బాలింతగా ఉన్నప్పుడు మేమట్లనే చేసినం.

స్కూల్_అసిస్టెంట్_సోషల్:

నేను 2024 డీఎస్సీలో వచ్చా, అప్పటికి బాబుకు మూడేళ్ళు. జాతరకు పోయి రావడానికి ఒక రోజు పోతే పోనీ అక్కా. చుట్టాల నెల సంగతి తేల్చుకో. ఇంట్లో కూర్చుని తలుపేసుకుంటే ఎవరూ ఊరుకోరు, కోడలు చదువుకుంటుంటే ఎవరో ఒకరు టీ అడుగుతారు. హన్మకొండ లైబ్రరీకి పో. అక్కడ పోటీ పరీక్షలకు చదివే పిల్లలుంటారు, బిట్లు దొరుకుతాయి. అత్తమ్మను "చదువుకోనియ్యండి" అని అడగకు, "పది నుంచి పన్నెండు దాకా పాపను చూడండి" అని టైం చెప్పి అడుగు. మా అత్తమ్మ దగ్గర అదే పనిచేసింది. సోషల్ కంటెంట్‌వి 60 మార్కులు, నువ్వు పెంచుకోగలిగేది అక్కడే. సైకాలజీ 30 బిట్లకు పాత పేపర్లు చాలు.

హన్మకొండ_కోడలు:

అందరికీ థాంక్స్. పెద్దమ్మ రాసింది అత్తమ్మకు చదివి వినిపించా. రెండుసార్లు చదివించుకుని, "పరకాల మనిషికి తెలివి ఉంది" అంది. మేము నలుగురం ఒక బుధవారం పోయి పాప వెంట్రుకలు తీయించి వస్తాం. జాతరకు అత్తమ్మ, మామయ్య మా ఆడబిడ్డ వాళ్ళతో కలిసి పోయి బంగారం ఇస్తారు. సమ్మక్క గద్దెకెక్కేది నేను టీవీలో చూస్తా, అదొక్కటి మనసులో లాగుతూనే ఉంది.

లైబ్రరీ సంగతి అంత సులువుగా తెగలేదు. "పన్నెండు దాకా నేను పట్టుకుంటే వంట ఎవరు చేస్తారు" అంది అత్తమ్మ. న్యాయమే. పొద్దున్నే కూర చేసిపెట్టి పోతానన్నా. చుట్టాలున్న రోజు ఎట్లా అంటే ఇద్దరికీ జవాబు లేదు. మా ఆయన ఆదివారాలు నావి అన్నాడు, అతని ఆదివారాలు నాకు తెలుసు కాబట్టి చూడాలి. ప్రస్తుతానికి సోమవారం నుంచి పోతున్నా.

71 కిలోల బెల్లం ఎక్కడ కొంటే మంచిది? ఇంట్లోనే నన్ను తూచుకుని, అంత లెక్కకు కొనుక్కురావచ్చా?

తాడ్వాయి_అక్క:

ఇంట్లో తూచుకో, ఎవరూ అడగరు. వరంగల్ బీట్ బజార్‌లో హోల్‌సేల్‌గా తీసుకోండి, జాతర దగ్గరపడితే రేటు పెరుగుతుంది. పోయినసారి గుడుంబాకు పోతుందేమోనని బెల్లం కొనేవాళ్ళను ఆధార్ అడిగారు, జిరాక్స్ ఒకటి మామయ్య జేబులో పెట్టి పంపు.