వాసన చూడనివ్వాలి, కానీ ఎముకలు మింగకుండా ఆపేదెలా?

మాది రెండేళ్ల బీగిల్ జాతి కుక్క, మగది, 12 కిలోలు. ఉండేది హైదరాబాద్, కూకట్‌పల్లిలో. పొద్దున్నే 5:45కి 40 నిమిషాలు వాకింగ్. 3 మీటర్ల లీష్ (కుక్కని పట్టుకునే తాడు) వేసి, దానికి నచ్చిన చోటల్లా ఆగి వాసన చూడనిస్తాను. అలా తిరిగిన రోజు ఇంటికొచ్చి హాయిగా పడుకుంటుంది.

సమస్యల్లా బిర్యానీ సెంటర్ల ముందు, చెత్తకుప్పల దగ్గర పడేసిన చికెన్ ఎముకలతోనే. ముక్కు నేలకి ఆనించి, తోక నిక్కించి నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా నోట కరుచుకుంటుంది. తీయబోతే గబుక్కున మింగేస్తుంది. ఈ నెలలో రెండుసార్లు వాంతులయ్యాయి. డాక్టర్‌కి చూపించాం, ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఉడికిన ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుందేమోనని రోజూ టెన్షనే.

"లీవ్ ఇట్" (వదిలెయ్) అంటే వదిలేయాలని మూడు వారాలు నేర్పాను. ఇంట్లో పదికి తొమ్మిదిసార్లు వింటుంది, రోడ్డు మీద అసలు వినదు. లీష్ 1 మీటరుకి తగ్గిస్తే వాసన చూసే వీల్లేక, పాపం, ఇంటికొచ్చి చెప్పులు కొరుకుతోంది. బాస్కెట్ మజిల్ (మూతికి తొడిగే బుట్టలాంటిది) పెడితే రెండు నిమిషాల్లో ముందుకాళ్లతో లాగేసుకుంటుంది. సాయంత్రం వెళ్దామంటే వీధికుక్కలు వెంటపడతాయి.

వాసన చూసే స్వేచ్ఛ తీసేయకుండా, రోడ్డు మీద కనిపించిన ఎముకను వదిలేయడం మీ కుక్కకి ఎలా నేర్పారు?