రిటైరైన 12 ఏళ్లకు పెరుగుతున్న ఆయాసం: బొగ్గు ధూళి కారణమా?

ప్రశ్న:
మా నాన్నగారు గోదావరి లోయలోని భూగర్భ గనుల్లో 31 ఏళ్లు పనిచేశారు. మొదట తట్టా చెమ్మస్‌తో, అంటే బుట్ట, పారతో బొగ్గు నింపేవారు, చివరి 9 ఏళ్లు పైకప్పుకు బోల్టులు బిగించే పనిలో ఉన్నారు. రిటైరై 12 ఏళ్లయింది. రెండేళ్లుగా రాత్రుళ్లు పడుకోలేక, మంచం అంచున మోకాళ్లపై చేతులు ఆనించి కూర్చుంటున్నారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల పైభాగాన మచ్చలున్నాయని ఒక క్లినిక్‌లో కఫం పరీక్షించకుండానే క్షయ మందులు మొదలుపెట్టారు. 4 నెలలైనా గుణం కనిపించలేదు. గని వదిలిన ఇన్నేళ్లకు ధూళి వల్ల జబ్బు ముదురుతుందా?

ఛాతీ వైద్యుని సమాధానం:
ముదరవచ్చునమ్మా. ముక్కులో, గొంతులో చిక్కిన ధూళి నల్లని కఫమై బయటికి వచ్చేస్తుంది. హాని చేసేది 5 మైక్రాన్లకన్నా చిన్నదై గాలి గదుల దాకా చేరే ధూళి. దాన్ని మింగిన రక్షక కణాలు అరిగించుకోలేక నశిస్తూ చుట్టూ వాపు పుట్టిస్తాయి, ఆ వాపు మానే చోట మెత్తని కణజాలం పోయి గట్టి మచ్చ మిగులుతుంది. లోపలి ధూళి ఎటూ పోదు కనుక, పని మానినా ఈ క్రమం ఆగకపోవచ్చు. చిన్న మచ్చలు కలిసి 1 సెంటీమీటరు మించితే ప్రోగ్రెసివ్ మాసివ్ ఫైబ్రోసిస్ అంటాము. ఇది ఎక్కువగా పైభాగంలోనే వస్తుంది, క్షయ మచ్చలూ తరచుగా అక్కడే ఉంటాయి కాబట్టి ఎక్స్‌రే ఒక్కదానితో తేల్చడం కష్టం.

అలాగని మందులు మీ అంతట మీరు ఆపవద్దు. బోల్టుల కోసం ఇసుకరాయి పైకప్పును తొలిచినప్పుడు సిలికా ధూళి లేస్తుంది, సిలికా పీల్చినవారికి క్షయ ముప్పు ఎక్కువ. రెండూ కలిసే ఉండవచ్చు. కఫానికి సీబీనాట్ (క్షయ క్రిమిని గుర్తించే పరీక్ష), ఊపిరి సామర్థ్యానికి స్పైరోమెట్రీ, అవసరమైతే సీటీ స్కాన్ చేయించండి. మచ్చను కరిగించే మందు లేదు, కానీ ఇన్‌హేలర్లు, శ్వాస వ్యాయామాలు, ఫ్లూ, న్యుమోనియా టీకాలు, అవసరమైనవారికి ఆక్సిజన్ ఆయాసాన్ని అదుపులో ఉంచడానికి తోడ్పడతాయి.

మాజీ గని కార్మికుని సమాధానం:
అమ్మా, మేము తడి తువ్వాలు ముక్కుకు కట్టుకుని బాయి దిగేవాళ్లం. షిఫ్టు ముగిసేసరికి అది నల్లగా మారితే, దుమ్మంతా దానికే పట్టిందని ధైర్యపడేవాళ్లం. కంటికి కనిపించనిది దాన్ని దాటి లోపలికి పోయిందని నాకు ఊపిరి పరీక్ష అయ్యాకే తెలిసింది. నాన్నగారు ఏ పని ఎన్నేళ్లు చేశారో, ఎక్కడ దుమ్ము ఎక్కువగా ఉండేదో ఒక కాగితంపై రాసి వైద్యుని ముందు పెట్టండి. ఇంకొక మాట: గనిలో పనిచేసినవారికి ఈ ధూళి జబ్బు ఉందని భావించిన వైద్యుడు గనుల భద్రతా అధికారులకు తెలియజేయాలని 1952 నాటి గనుల చట్టం 25వ సెక్షన్ చెప్పింది, అది మాజీ కార్మికుల విషయంలోనూ వర్తించేదే. ఆ నివేదిక గురించి వైద్యుణ్ణి అడగండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ నమస్కారాలు. ఇన్నాళ్లూ ఏ పని చేసేవారని నాన్నగారిని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఈ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని రాయడం మొదలుపెట్టాను. బీడీల లెక్క కూడా రాయాలా?

ఛాతీ వైద్యుడు:
తప్పక రాయండి. ఈ మచ్చలకు బీడీ కారణం కాదు, కానీ ధూళి వల్ల దెబ్బతిన్న ఊపిరితిత్తిని అది మరింత క్షీణింపజేస్తుంది. ఇంకా తాగుతుంటే ఈరోజే మాన్పించండి.